సబ్బు గీత

రండర్రా, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. నా గొంతు పెద్దదేగానీ, ఈ వారం చెప్పేది గొంతెత్తి చెప్పుకునే సంగతి కాదు. పోయిన వారం రానివాళ్ళూ కొందరు ఉండుంటారు. వాళ్ళ కోసం జరిగిందంతా రెండు ముక్కల్లో చెబుతాను. నా ముక్కలు కాస్త పెద్దవి, ఓర్చుకోండి.

మాది బళ్ళు బాగుచేసే షెడ్డు. అందులో మేం ముగ్గురం. సీట్లు కుట్టేదీ, లోపల తివాచీలు పరిచేదీ నేను. నొక్కుపోయిన రేకులు సరిచేసేది నా తమ్ముడు. వాడి చేతిలో సుత్తి లేకుండా చూసినవాళ్ళు లేరు గనక ఊరందరికీ వాడు సుత్తి తాత. మాటలు మొదలుపెడితే ఒక పట్టాన వదలడు, ఆ లెక్కన చూసినా పేరు సరిపోతుంది. ఇంజను పని, కంప్యూటరు పెట్టి చూసే పని, మా ఇద్దరినీ అదిలించే పని నా మనవరాలిది. మా అమ్మాయి కూతురు. నడక రాకముందే పానా పట్టుకుందని వాడే దానికి పానమ్మ అని పేరు పెట్టాడు. అసలు పేరుతో పిలిస్తే ఇప్పుడు అదే వెనక్కి తిరిగి చూడదు.

పద్నాలుగు నెలల కింద పానమ్మ వేలంలో ఒక బండి కొంది. వేగానికే పుట్టిన బండి. అలాంటివి మా వీధిలోకి ఎప్పుడూ రాలేదు. నా నడుమెత్తు కూడా ఉండదు. అందులోకి ఎక్కరు, పీట మీద కూర్చున్నట్టు కిందికి దిగి కూర్చుంటారు. అందుకని నేను దానికి పీట కారు అని పేరు పెట్టాను. ఇంజను ఉండాల్సిన చోట సామాన్ల డిక్కీ, డిక్కీ ఉండాల్సిన చోట ఇంజను. ఎవరో పెద్దమనిషి దాన్ని తీసుకెళ్ళి వంతెన గోడకి గుద్దాడు. ఆ మనిషికేం కాలేదు, బండి కుడివైపు ముక్కు మాత్రం పచ్చడైపోయింది. తర్వాత రెండేళ్ళు టార్పాలిన్ కింద పడి ఉండి, మా దగ్గరికి వచ్చేసరికి డ్రైవరు సీట్లో ఎలుకలు పిల్లల్ని పెట్టాయి. నూనె తారులా గడ్డకట్టింది. బ్యాటరీ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఈ సంగతుల్లో ఇవాళ మీకు కావలసింది ఒక్కటే. బండి ముందుభాగంలో, డిక్కీ తొట్టికి కిందగా, చెరో పక్కా ఒక సత్తు దూలం ఉంటుంది. అల్యూమినియం అంటారు కదా, అదే. బండి దేనికైనా గుద్దుకుంటే ముందు ఆ దూలం నలగాలి, లోపల మనిషి నలక్కూడదు. దాని పని అదీ. కుడి దూలం నాలుగు మిల్లీమీటర్లు లోపలికి వంగింది. నా దగ్గరున్న లావు సూదులు నాలుగు పక్కపక్కన పేరిస్తే ఎంతో, అంత. బండి చేసినవాళ్ళ పుస్తకంలో స్పష్టంగా ఉందట: వంగితే సరిచేయకూడదు, కోసి తీసేసి కొత్తది పెట్టాలి. పానమ్మ కొత్త ముక్క తెప్పించింది. ఓడలో నాలుగు నెలలకి వచ్చింది. దాన్ని తమ్ముడి చేతికిచ్చి, బండి ముందువైపు దీపాలు తేవడానికి మూడు రోజులు వేరే ఊరు వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పని అయిపోయింది, నల్లరంగు కూడా పడింది. కొలత చూసింది. వెంట్రుకవాసి తేడా లేదు. "తాతా, నీ చేతికి దండం పెట్టాలి" అంది. వాడు మూడు రోజులు మీసం దువ్వుకుంటూ తిరిగాడు.

అది జరిగి ఐదు నెలలు. ఆ తర్వాత రంగు, అద్దాలు, బ్రేకులు, నా సీట్లు. పోయిన వారం ఇంజను మొదటిసారి గొంతు సవరించుకుంది, అక్కడ ఆపాను. రేపు పదింటికి తనిఖీ ఆఫీసరుగారు రావాలి. ఆయన చూసి సంతకం పెడితే బండి రోడ్డెక్కుతుంది. ఆయన మాకు తెలిసినవారే. మహా నిక్కచ్చి మనిషి. చక్రం పట్టుకుని ఉంటే కన్నతల్లి ఫోన్ చేసినా ఎత్తరు. పోయిన వానాకాలంలో ఆయన సొంత బండి జారి స్తంభానికి తగిలితే మా దగ్గరికే తెచ్చారు. పానమ్మ అప్పుడు ఏదో కొత్త శిక్షణకి వెళ్ళింది, తమ్ముడే చేసి పంపాడు. అప్పటినుంచీ మా షెడ్డంటే ఆయనకి గౌరవం. "రేపు మా పిల్లలిద్దరినీ కూడా తీసుకొస్తానండీ, మీ పీట కారు చూస్తామని ఒకటే గోల" అన్నారు పొద్దున.

ఇదీ ఇప్పటిదాకా కథ. ఇప్పుడు ఇవాళ్టిది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నాకు ఒక్క పనే మిగిలింది, ముందు డిక్కీలో తివాచీ. తొట్టి పైకి లేపి అంచులకి మెత్తటి నార అతికిస్తే బండి కదిలినప్పుడు లోపల గలగలమనదు. అతికించే ముందు ఆ చోటు శుభ్రంగా తుడవాలి, లేకపోతే జిగురు పట్టదు. గుడ్డ తడిపి కుడి దూలం మీద ఒక రుద్దు రుద్దాను. నల్లరంగు పొరలా లేచి గుడ్డకి వచ్చేసింది.

రంగు అలా ఊరికే లేవదు. కింద జిడ్డుంటే లేస్తుంది. కళ్ళద్దాలు సర్దుకుని చూశాను. నా వేలంత పొడుగున, అడ్డంగా, గోధుమరంగు గీత.

ఆ రంగు నాకు తెలుసు. తోలు మీద కత్తిరింపు గీతలు నేను సుద్దతో గీయను, అరిగిపోయిన సబ్బుముక్కతో గీస్తాను. సన్నగా పడుతుంది, తుడిస్తే పోతుంది. ఎప్పుడైనా గుడ్డ మీద గీత చెరపడం మరిచిపోయి ఇస్త్రీ పెట్టానంటే ఇదే రంగుకి మారుతుంది. అంతకంటే ముందు నుంచీ తెలుసు. మా నాన్న గిన్నెలకి మాట్లు వేసేవాడు. సొట్టపడ్డ సత్తు గిన్నె వస్తే దాని మీద సబ్బుతో ఒక గీత గీసి కింద మంట పెట్టేవాడు. నేనూ తమ్ముడూ చెరోపక్కా కూర్చుని ఆ గీతనే చూసేవాళ్ళం. తెల్లగీత పచ్చబడుతుంది, పచ్చది గోధుమరంగుకి తిరుగుతుంది. తిరిగిందో లేదో మంట తీసేయాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే గిన్నె కారిపోతుంది. ఆ ఘడియలో సత్తు వెన్నలా మెత్తబడి సుత్తి చెప్పినట్టల్లా వింటుంది. సత్తుకి ఎర్రబడడం తెలీదు గనక దాని వేడి కనిపెట్టడానికి మా ఇంట్లో ఉన్న విద్య అదొక్కటే.

కొత్త దూలానికి సబ్బు గీత దేనికి? కోసి, జిగురు రాసి, రివెట్ మేకులు కొట్టే పనికి మంట ఎందుకు?

గుడ్డ అక్కడే పెట్టి తమ్ముణ్ణి పిలిచాను. పానమ్మ వెనక ఇంజను దగ్గర ఏదో బిగిస్తోంది.

"ఒరేయ్, ఇలా రా."

"చేతిలో పనుందక్కా."

"నా చేతిలోనూ ఉంది. అందుకే పిలిచింది."

వచ్చాడు. చూశాడు. వాడికి అబద్ధం ముందు చెవుల్లో తెలుస్తుంది, రెండూ ఎర్రబడ్డాయి.

"ఏదో మరకై ఉంటుందిలే."

"మరకైతే తుడిస్తే పోతుంది. కాలిన సబ్బు ఎలా ఉంటుందో నాకే చెబుతావా? నాన్న పక్కన నువ్వు కుడివైపు కూర్చుంటే నేను ఎడమవైపు కూర్చున్నాను."

"గట్టిగా మాట్లాడకే తల్లీ."

"అయితే మెల్లగా నువ్వే చెప్పు."

వాడు వెనక్కి ఒకసారి చూసి, డిక్కీలోకి తల దూర్చినట్టు వంగి చెప్పాడు. "పుట్టుకతో వచ్చిన ఎముకక్కా అది. బండితో పాటు పుట్టింది. దాన్ని కోసిపారేసి బజారు ఎముక పెట్టమంటుంది ఆ పిల్ల. నాలుగు మిల్లీమీటర్లకి! ఇంతకంటే పెద్ద వంకరలు నేను కళ్ళు మూసుకుని తీశాను. వేడిచేశాను, పట్టి లాగాను, రెండు దెబ్బలు వేశాను, వచ్చేసింది. కొలత అదే చూసింది కదా? తేడా చెప్పగలిగిందా?"

"వంకర పోయింది సరే. బలం?"

"చల్లారాక మళ్ళీ సుత్తితో కొట్టి బిగించాను. నాన్న చేసినట్టే."

"నాన్న చేసింది నీళ్ళు మోసే గిన్నెకిరా. మనుషుల్ని మోసే బండికి కాదు."

నేను జిగురు వెచ్చబెట్టుకునే సత్తు గిన్నెలు రెండూ తెచ్చాను. ఒకే రోజు కొన్న జంట. అందులో ఒకటి పోయిన నెల ఈ మహానుభావుడే పొయ్యి మీద పెట్టి, నీళ్ళన్నీ ఇగిరిపోయేదాకా మరిచిపోయాడు. రెండూ వాడి ముందు పెట్టాను.

"నొక్కు."

"ఏంటక్కా, చిన్నపిల్లాడిలా..."

"నొక్కరా."

మంచిదాన్ని బొటనవేలితో నొక్కాడు. కదల్లేదు. మాడిందాన్ని నొక్కాడు. వేలు దిగినంత మేర గుంట పడింది.

"ఇది ఆ రోజే నువ్వు సుత్తితో కొట్టి బిగించి ఇచ్చావు. గుర్తుందా? కొత్తదానికంటే గట్టిగా చేశానక్కా అన్నావు."

ఆ గుంటకేసి వాడు చాలాసేపు చూశాడు. తెలియక కాదర్రా. వాడి చేతికి తెలుసు. మనసుకి చెప్పుకోలేదు, అంతే. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు.

"రేపు ఒక్కరోజు ఆగక్కా," అన్నాడు చివరికి. "ఆఫీసరు చూసి వెళ్ళిపోనీ. ఆ తర్వాత నేనే దానికి మెల్లగా చెబుతాను."

"నువ్వు మెల్లగా చెప్పేలోపు ఈ బండి ఎంత వేగంగా పోతుందో తెలుసా నీకు?"

"దానికి తెలిస్తే ఇంక నన్ను సుత్తి పట్టనివ్వదక్కా. ఒక మూలన కూర్చోబెట్టి పేపరు చదువుకోమంటుంది. నాకు చదవడం కూడా రాదు."

నిజం చెబుతున్నాను, జిగురు డబ్బా మూత తీసే ఉంది. నార పరిచి, తొట్టి దించి, పైన తివాచీ వేస్తే పని అయిపోతుంది. ఆఫీసరు తొట్టి లేపి చూడరు. చూసినా నల్లరంగే కనబడుతుంది. నా తమ్ముడి పరువు నిలబడుతుంది. నా చెయ్యి ఒకసారి డబ్బా దాకా వెళ్ళింది కూడా. ఎందుకు దాస్తాను?

అంతలో పానమ్మ వెనకనుంచి వచ్చి, చేతులు తుడుచుకుని, తలుపు తీసి డ్రైవరు సీట్లో దిగి కూర్చుంది.

"అమ్మమ్మా, ఈ సీటు నా వీపుకి కొలిచి కుట్టినట్టు ఎలా కుట్టావే?"

కొలిచే కుట్టాను. నిద్రలో బోర్లా పడుకున్నప్పుడు జానతో కొలిచాను. కాళ్ళు ముందుకి చాపి మీటలు తొక్కి చూస్తోంది. నేను డిక్కీ మీద వంగి ఉన్నాను. పక్కన తెరిచిన తలుపులోంచి దాని కాళ్ళు కనబడుతున్నాయి. ఆ కాళ్ళకీ నా వేలి కింద ఉన్న గోధుమరంగు గీతకీ మధ్య మూరెడు దూరం కూడా లేదు.

"పానమ్మా," అన్నాను, "బండి దిగి ఇలా రా. తాత నీకో మాట చెప్పాలి."

తమ్ముడు నన్ను చూసిన చూపు నాకు బతికున్నంతకాలం గుర్తుంటుంది. కానీ నోరు విప్పాడు. ఆ ఒక్క మంచిపని వాడు చేశాడు, రాసిపెట్టుకోండి. మొత్తం వాడే చెప్పాడు. నేను ఒక్క ముక్క కలపలేదు.

పానమ్మ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. దీపం తెచ్చి గీత చూసింది. తర్వాత మొనదేరిన చిన్న పనిముట్టు ఒకటి తెచ్చింది. దాన్ని నొక్కితే లోపలి స్ప్రింగు టక్కున కొడుతుంది, ఎన్నిసార్లు కొట్టినా ఒకే బలంతో. ఎడమ దూలం మీద కొట్టింది. ఆవగింజంత గుర్తు పడింది. కుడి దూలం మీద కొట్టింది. మిరియం పట్టేంత గుంట.

"తాతా," అంది.

"కొలత చూడవే, కొలత..."

"కొలత అడగలేదు. కత్తి నిప్పుల్లో పడితే ఏమవుతుంది?"

వాడు తల వంచుకున్నాడు. "పదును చస్తుంది."

"తర్వాత నూరితే?"

"నూరినా నిలవదు."

"దీనికీ అలాగే పదును పెట్టి పంపారు తాతా. పెద్ద కొలిమిలో, గంటలు లెక్కపెట్టి. నువ్వు సబ్బు గీత గీసి ఆ పదును చంపేశావు. ఇది నలుగుతూ నలుగుతూ దెబ్బ మింగాలి. ఇప్పుడు కాగితంలా ముడుచుకుంటుంది. దాని వెనక నలగడానికి మిగిలేది నా కాళ్ళే."

అది తన కాళ్ళ మాట ఎత్తేసరికి వాడు పనిముట్ల పెట్టె మీద కూలబడ్డాడు. అరవై ఏళ్ళుగా చూస్తున్నాను, పనివేళలో వాడు కూర్చోవడం అదే మొదటిసారి.

"నేనే కోస్తాను," అన్నాడు. "ఇప్పుడే కోస్తాను. కొత్తది పెడతాను. పుస్తకంలో ఎలా ఉంటే అలాగే."

అప్పుడు నాకూ వెలిగింది. కొత్త ముక్క పెట్టలేదు కదా! ఎక్కడో ఉండాలి కదా! పానమ్మ ముఖం కూడా కాస్త తేటపడింది.

"కొత్తది ఎక్కడుంది?"

"నా మంచం కింద. దాచాను."

"అమ్మయ్య," అన్నాను నేను.

వాడు లేవలేదు.

"తేరా మరి!"

లేచాడు. వెనకగదిలోకి వెళ్ళి పాత దుప్పటిలో చుట్టిన మూట తెచ్చి బల్ల మీద పెట్టాడు. ముడి తనే విప్పలేకపోయాడు. పానమ్మ విప్పింది.

కొత్త ముక్క తళతళలాడుతోంది. దాని మీద వరసగా మూడు గీతలు. మొదటిది బాగా మాడి నల్లబడింది. రెండోది ముదురు గోధుమ. మూడోది అచ్చం బండి మీద ఉన్నట్టే.

పానమ్మ మూడు గీతల మీదా వేలు పోనిచ్చింది.

"ఇదేంటి తాతా?"

"ఎంత వేడికి లొంగుతుందో తెలియాలి కదే," అన్నాడు వాడు, అదేదో లోకంలో అందరికీ తెలిసిన సంగతైనట్టు. "తెలియకుండా అసలుదాని మీద చెయ్యి వేస్తామా? దీని మీద చూసుకుని దాని మీద చేశాను."

"కొత్తదాన్ని పాడుచేసి నేర్చుకుని, పాతదాన్ని పాడుచేశావా?"

"కొత్తదేంటే? అది బజారుది!"

పానమ్మ నన్ను చూసింది. నేను దాన్ని చూశాను. అది నేల మీద చతికిలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వంటే సంతోషం నవ్వు కాదు, కళ్ళల్లో నీళ్ళు తిరిగే నవ్వు. నాకూ ఆగలేదు. వాడు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "నవ్వండి నవ్వండి, మూడో గీతకి ఎంత కుదిరిందో చూడండి ముందు" అని గొణిగాడు. ఆ గర్వం ఎక్కడికి పోతుంది? మా నాన్న కొడుకు కదా.

నవ్వు తగ్గాక పానమ్మ కళ్ళు తుడుచుకుని మాట తేల్చేసింది. "సరే. ముక్క మళ్ళీ తెప్పిస్తాను. ఇంకో నాలుగు నెలలు. ఈలోగా బండి ఊరికే పడి ఉండకూడదు. బ్యాటరీకి ఛార్జరు తగిలించి ఉంచాలి, వారానికోసారి చక్రాలు జరపాలి, ఇంజను తిప్పి నూనె ఆడించాలి. ఆ పని నీది తాతా. గడియారం చూసి చెయ్యాలి."

"చేస్తాను."

"ముక్క వచ్చాక కోసేదీ నువ్వే."

వాడు తలెత్తాడు.

"నేను పక్కన కూర్చుని పుస్తకం చదువుతాను. ఒక్కో మాట చదివి ఆగుతాను. చెయ్యి నీది. మంట మాత్రం ఈ షెడ్డులో సత్తు దగ్గరికి రాకూడదు."

వాడు ముక్కు చీదుకుని, దుమ్ము పడిందన్నాడు. పడి ఉంటుంది, షెడ్డు కదా. సుత్తి తీసుకెళ్ళి గోడకున్న మేకుకి తగిలించాడు. మళ్ళీ తీశాడు. మళ్ళీ తగిలించాడు.

"ఆఫీసరుగారికి ఫోన్ చేస్తాను, రేపు రావద్దని," అంటూ పానమ్మ ఫోన్ వెతుక్కుంటోంది. సాయంత్రం ఐదు దాటింది. నేను నా సరంజామా సర్దుకుంటున్నాను. సూదులు, దారాలు, కత్తెర, సబ్బుముక్కల డబ్బా. మా ఇంట్లో అరిగిన సబ్బేదీ పారేయం, అన్నీ ఆ డబ్బాలోకే వస్తాయి. ఏ ముక్క ఎప్పటిదో నాకు తెలుసు. నాకు చదువు అంటలేదుగానీ జ్ఞాపకం మాత్రం దేవుడు రెండు వడ్డనలు వేశాడు.

బల్ల మీద మూడు గీతలనీ ఇంకోసారి చూశాను. కాలని అంచుల్లో కాస్త గులాబీరంగు మిగిలి ఉంది. అవును, ఐదు నెలల కింద, "సబ్బుముక్క ఒకటి ఇవ్వక్కా, గీత గీసుకోవాలి" అని వాడు అడిగినప్పుడు నేను ఇచ్చింది గులాబీది. మందంగా ఉన్నది ఏరి మరీ ఇచ్చాను. దేనికని అడగలేదు.

డబ్బా మూత పెట్టబోయి ఆగిపోయాను.

"తమ్ముడూ."

"ఊఁ."

"గులాబీది ఈ బండికి. మరి ఆకుపచ్చది?"

"ఏ ఆకుపచ్చది?"

"వానాకాలంలో ఒకటి పట్టుకెళ్ళావు. తడిసిన చేతులతో వచ్చి, తలుపు దగ్గరే నిలబడి అడిగావు. ఆకుపచ్చ సబ్బు, నెలవంకలా అరిగినది. అది దేనికిరా?"

వాడి చెవులు ఎర్రబడ్డాయి.

పానమ్మ ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే ఉంది. అవతల మోగుతోంది, నాకూ వినబడుతోంది. అది మా ఇద్దరినీ చూసి ఫోన్ దించకుండానే అడిగింది. "తాతా. వానాకాలంలో సత్తు బండి మన దగ్గరికి ఒక్కటే కదా వచ్చింది?"

వాడు చెయ్యి పైకెత్తి, పానమ్మ చెవి దగ్గరున్న ఫోన్ వైపు వేలు చూపించాడు.

"బంపరు ఒక్కటే పోయిందన్నావు కదా?" అంది పానమ్మ.

"లోపల కూడా కొంచెం వంగింది. మూడే మిల్లీమీటర్లు. నువ్వు లేవు అప్పుడు. పాపం, ఆయన పిల్లల్ని బడికి దింపాలి, తొందరగా కావాలన్నారు."

ఫోన్ మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తడం లేదు. పానమ్మ కట్ చేసి మళ్ళీ చేసింది. మళ్ళీ మోగింది. మళ్ళీ ఎత్తలేదు. ఆయన ఎప్పుడు ఫోన్ ఎత్తరో మా ముగ్గురికీ తెలుసు. బడి వదిలిపెట్టే వేళ కూడా తెలుసు.

పానమ్మ మా పాత బండి తాళాలు అందుకుని వీధిలోకి పరిగెత్తింది. తమ్ముడు చెప్పులు కూడా వేసుకోకుండా దాని వెనకే పరిగెత్తాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను, చేతిలో ఆ డబ్బాతో.

ఇది గుర్తుపెట్టుకోండర్రా. ఇంటికెళ్ళి ఇంకొకరికి చెప్పండి. చెప్పేటప్పుడు తప్పంతా సుత్తి తాతదని మాత్రం చెప్పకండి. రెండు సబ్బుముక్కలూ ఏరి ఇచ్చిన చెయ్యి వాడి అక్కదనీ, రెండుసార్లూ దేనికిరా అని ఆవిడ ఒక్క మాట అడగలేదనీ, అది కూడా కలిపి చెప్పండి.